వానపాముల తొట్టి ఇంటిని బట్టి ఉండాలి

మన నంద్యాల జిల్లాలో ఏ మండలానికి వెళ్ళినా ఒకటి రెండు ఊళ్ళలోనైనా వానపాముల ఎరువు తొట్లు కనిపిస్తాయి. ఇటుకతో కట్టి, సిమెంటు పూసి, పైన రేకులు కప్పినవి. ఉపాధి హామీ నిధులతో కట్టినవి కొన్ని, ఉద్యాన శాఖ రాయితీతో కట్టినవి కొన్ని. గోడ మీద పథకం పేరు, మంజూరైన సంవత్సరం, ఖర్చయిన సొమ్ము రాసి ఉంటాయి. లోపల మాత్రం వానపాములు ఉండవు. ఒకచోట పిడకలు, ఒకచోట శనగ పొట్టు బస్తాలు, ఇంకొకచోట పొదిగే కోళ్ళు. ఒక ఊళ్ళో తొట్టి నిండా గొర్రె పిల్లలు ఉన్నాయి. "చుట్టూ గోడ ఉంది, దూకి పోలేవు. పైన నీడ ఉంది. ఇంతకంటే మంచి దొడ్డి ఎవరు కట్టిస్తారు నాయనా?" అని ఆ ఇంటి అవ్వ అడిగింది. ఆమె మాటను కాదనడానికి నాకు ఏమీ తోచలేదు.

ఈ ఖాళీ తొట్లను చూపించి "మనవాళ్ళకు శ్రద్ధ లేదు, ఉచితంగా ఇస్తే విలువ ఉండదు" అనే పెద్దలు చాలామంది ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఏడాది పొడుగునా గేదెను సాకి, రోజూ తెల్లవారుజామున పాలు పిండి కేంద్రానికి పోసే ఇల్లాలికి శ్రద్ధ లేదని ఎలా అంటాం? చాలాచోట్ల తొట్టి ఆ ఇంటికి సరిపడలేదు, అంతే. నాలుగు ఎద్దులున్న ఇంటికీ అదే కొలత, ఒక్క మేక కూడా లేని ఇంటికీ అదే కొలత. ఊరి వెలుపల చేనులో కట్టినా అదే, ఇంటి వెనక కట్టినా అదే. చెప్పులు కుట్టేవాడు సైతం ముందు కాలు కొలుస్తాడు.

తొట్టి ఎంచుకునే ముందు ఆ జీవి సంగతి కొంచెం తెలియాలి. తొలకరికి చేనులో బయటపడే పొడుగాటి వానపాము వేరు, ఎరువు చేసేది వేరు. చేనులోది మట్టి తింటూ లోతుకు బొరియ చేసుకుని పోతుంది. దాన్ని తెచ్చి తొట్టిలో వేస్తే నిలవదు. ఎరువుకు వాడేవి పైపైన మాగిన పేడలో, కుళ్ళిన ఆకులో బతికేవి. ఐసీనియా ఫెటిడా అనే సన్నటి ఎర్ర రకం, యూడ్రిలస్ యూజీనియే అనే ఆఫ్రికా రకం మన దగ్గర ఎక్కువగా పెంచుతున్నారు. పేర్లు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, గుణం తెలిస్తే చాలు. ఇవి పైనుంచి అడుగు, అడుగున్నర లోపలే తిరుగుతాయి. అందుచేత తొట్టికి లోతు అక్కరలేదు, పరుపు కావాలి. మూడడుగుల లోతు నింపితే అడుగుభాగానికి గాలి ఆడక కుళ్ళి కంపు కొడుతుంది. వానపాముకు ఊపిరితిత్తులు లేవు. చర్మంతోనే గాలి పీలుస్తుంది. చర్మం ఎండితే చస్తుంది, నిలిచిన నీళ్ళలో మునిగినా గాలి అందక చస్తుంది. దానికి 20 నుంచి 30 డిగ్రీల వేడి హాయి. 35 దాటితే తిండి మానుకుంటుంది. మన జిల్లాలో మే నెల ఎండ 42, 43 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే.

ఈ ఎండ మాట మరిచిపోయి తొట్టి కొన్నవాళ్ళు నష్టపోతున్నారు. పట్నాల్లో ఒకదాని మీద ఒకటి అమర్చే ప్లాస్టిక్ అరల డబ్బాలు వచ్చాయి. చూడటానికి టిఫిన్ క్యారియర్ మాదిరి ముచ్చటగా ఉంటాయి. మేడ మీద నీడపట్టున, కూరగాయల తొక్కులు మాత్రమే వేసుకునే ఇంటికి అవి పనికి రావచ్చు. మా మండలంలో ఒక అయ్యవారు అలాంటిది తెప్పించి ఏప్రిల్ నెలలో రేకుల వసారా గోడకు ఆనించి పెట్టారు. ప్లాస్టిక్‌కు చెమ్మ పీల్చే గుణం లేదు, ఊరే గుణం లేదు. లోపల ఆవిరి పట్టి వారం తిరగకముందే వానపాములు ముద్దగా అయిపోయాయి. కిలోకు వందల రూపాయలు పోసి కొన్న ప్రాణాలు అవి. ఇనుప డ్రమ్ము సంగతి చెప్పనే అక్కరలేదు. మధ్యాహ్నం పూట దాని మీద చెయ్యి ఆనించి చూడండి, మీకే తెలుస్తుంది.

దీనికి భిన్నంగా మట్టి కుండ, వెదురు గంప, గోనెపట్టా, సిమెంటు పెట్టకుండా పేర్చిన రాయి చెమ్మను బయటికి ఊరనిస్తాయి. ఊరిన చెమ్మ ఆరేటప్పుడు లోపల చల్లబడుతుంది. మంచినీళ్ళ కడవ ఎందుకు చల్లగా ఉంటుందో ఇదీ అందుకే. అయితే ఎంత మంచి తొట్టికైనా నీడ తప్పదు. రేకుల నీడ కంటే వేప, కానుగ, చింత చెట్ల నీడ మేలు. రేకులే గతి అయితే పైన చొప్ప కప్పాలి.

మొదటి ప్రశ్న: ఇంట్లో ఏమి, ఎంత మిగులుతున్నది?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మేరీ యాపెల్‌హాఫ్ అనే ఆవిడ ఇళ్ళల్లో పెట్టుకునే వానపాముల పెట్టెల మీద 1982లో ఒక పుస్తకం వేశారు. వారానికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల వంటింటి చెత్తకు ఒక చదరపు అడుగు పరుపు కావాలని ఆవిడ లెక్క. ఆ దేశం చలి వేరు, వాళ్ళ తిండి వేరు. కాని లెక్క వేసుకునే పద్ధతి మనకూ పనికివస్తుంది. నలుగురైదుగురున్న ఇంట్లో కూరగాయల తొక్కులు, వాడిన ఆకుకూర, అరటి తొక్కలు, టీ పొడి అన్నీ కలిపి రోజుకు అరకిలో అనుకుందాం. వారానికి మూడున్నర కిలోలు. దానికి ఏడెనిమిది చదరపు అడుగులు కావాలి. మరుగుదొడ్డి గుంతల్లో దించే సిమెంటు వర, మనం రింగు అనేది, మూడడుగుల అడ్డకొలత ఉంటే దాని పరుపు సరిగ్గా ఏడు చదరపు అడుగులు. అంటే పశువులు లేని ఇంటికి ఒక్క వర చాలు. రెండుంటే మరీ సుఖం. ఒకటి నిండి మాగుతుండగా రెండోదాంట్లో వేసుకోవచ్చు. పది అడుగుల ఇటుక తొట్టి అలాంటి ఇంటికి ఎందుకు? అడుగు నిండడానికే ఆరు నెలలు పడుతుంది. ఈలోగా అందులో కోడి గుడ్లు పెట్టకుండా ఎలా ఉంటుంది?

పశువులున్న ఇంటి లెక్క వేరు. ఒక నాటు ఆవు రోజుకు పది కిలోల దాకా పేడ వేస్తుంది. రెండుంటే నెలకు ఆరు వందల కిలోలు. పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు గల పడక ఒక నెల పేడతో, కొంచెం చెత్తతో నిండిపోతుంది. ఆ పడకలో మొదటి ఎరువు తయారు కావడానికి అరవై నుంచి డెబ్బై అయిదు రోజులు పడుతుంది. మరి రెండో నెల పేడ ఎక్కడ వేయాలి? మూడో నెలది? కాబట్టి అలాంటి ఇంటికి ఒక్క తొట్టి కట్టి ఇవ్వడమంటే పెళ్ళికి ఒక్క విస్తరి వేసినట్టు. మూడు చిన్న పడకలైనా ఉండాలి, లేదా సగం పేడ ఎప్పటిలాగే దిబ్బకు పోవాలి. దిబ్బ ఎరువును నేను తక్కువ చేయడం లేదు. అయిదెకరాల పత్తికి, శనగకు దిబ్బే దిక్కు. తొట్టి ఎరువు వంకాయ, టమేటా, మల్లె, కరివేపాకు, మిరప నారుమడి వంటివాటికి. ఇందులో నత్రజని నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్ళు ఉంటే గొప్ప. యూరియాలో 46. "బస్తా వర్మీ వేస్తే బస్తా యూరియా మానుకోవచ్చు" అని సభల్లో చెప్పేవాళ్ళ మాట నమ్మి ఎవరూ పైరు పాలిపోగొట్టుకోవద్దు. నేల గుల్లబారడం, చెమ్మ నిలవడం దీనివల్ల కలిగే లాభం.

మహానంది చుట్టుపక్కల అరటి తోటల వాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. గెల కోసిన తర్వాత గట్ల మీద పారేసే బోదెను ముక్కలుగా నరికి పేడతో కలిపి రెండు మూడు వారాలు మాగనిస్తే వానపాములు ఇష్టంగా తింటాయి. దానికి నీళ్ళు కూడా తక్కువ చల్లితే సరిపోతుంది. వాళ్ళు ఇంటి తొట్టి కంటే తోటలోనే చెట్ల వరసల మధ్య పడక వేసుకోవడం మంచిది.

మన బండలు ఏమైనట్టు?

ఇటుక, సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి అని లెక్కలు వేసేవారిని ఒక మాట అడగాలి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె వైపు నాపబండల ఫ్యాక్టరీల పక్కన ముక్క బండలు కొండలుగా పడి ఉన్నాయి. దారికి అడ్డమని తిట్టుకుంటున్నాం. రెండడుగుల వెడల్పు ముక్కలు తెచ్చి, అరడుగు భూమిలో పాతి నిలబెడితే అడుగున్నర ఎత్తు గోడ అయింది. అడుగున పరిచేందుకు అవే ముక్కలు, ఒక పక్కకు కొంచెం వాలు పెట్టి. సందులకు బంకమట్టి మెత్తితే చాలు, సిమెంటు చుక్క అక్కరలేదు. మధ్యలో ఒక బండ అడ్డం పెట్టి, దాని కింద రెండు వేళ్ళ సందు వదిలితే రెండు అరలు అవుతాయి. ఒక అర ఎరువు తయారయ్యాక నీళ్ళు మానేసి, రెండో అరలో కొత్త మేత వేసి తడిపితే వానపాములు వాటంతట అవే సందులోంచి అటు పోతాయి. చెయ్యి పెట్టి ఏరే పని చాలావరకు తప్పుతుంది. ఈ పడకను ఎలుక కొరకలేదు, చెద తినలేదు. ఇల్లు మారితే పీక్కుని బండి మీద వేసుకుని పోవచ్చు. నా దృష్టిలో మన జిల్లాకు ఇంతకంటే తగిన తొట్టి లేదు. నల్ల బండ ఎండకు పెనంలా కాగుతుంది కనుక చెట్టు నీడ మాత్రం తప్పనిసరి.

ఇల్లు మారితే అన్నాను. ఇది చిన్న మాట కాదు. కౌలుకు చేసుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. కట్టుబడి తొట్టికి మంజూరు రావాలంటే పట్టా కావాలి. పట్టా ఆసామి పట్నంలో ఉంటాడు. ఒకవేళ కౌలుదారు తన డబ్బుతో కట్టుకున్నా, ఉగాదికి కౌలు మారితే తొట్టి ఆ గట్టునే ఉండిపోతుంది. అద్దె ఇంట్లో ఉండేవారిదీ అదే పరిస్థితి. ఇలాంటివారికి బండల పడక, లేకపోతే బజారులో వర్మీబెడ్డు పేరుతో దొరికే మందపాటి ప్లాస్టిక్ అల్లిక సంచి నయం. సంచి మడిచి చంకన పెట్టుకుని పోవచ్చు. కాని సాధారణంగా అమ్మే సంచి పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు ఉంటుంది. దాన్ని నింపాలంటే టన్ను దాకా పేడ, చెత్త కావాలి. ఎండ తగిలితే రెండు మూడేళ్ళకే పెళుసుబారుతుంది. ఎలుకలున్న దొడ్డిలో అంతకాలం కూడా ఆగదు. కొనేముందు ఇవన్నీ చూసుకోవాలి.

జాగా లేనివారు, పశువు లేనివారు తమకు ఇదంతా ఎందుకని అనుకోవద్దు. చిల్లిపడిన పాత కాగు, వెడల్పు మూతి బాన, పేడతో అలికిన వెదురు గంప సరిపోతాయి. గంప ఒకటి రెండేళ్ళకు మించి రాదు. అలికిన పేడను, తర్వాత గంపనే వానపాములు తినేస్తాయి. అప్పుడు ఇంకో పాత గంప. అడుగున కొబ్బరి పీచు, దాని మీద మాగిన పేడ నాలుగు వేళ్ళ మందం, తర్వాత రోజూ తొక్కులు, పైన తడి గోనె. పేడ పక్కింట్లో రెండు గంపలు అడిగితే కాదనేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా లేరు.

తొట్టి ఏదైనా అడుగున నీళ్ళు పోయే దారి ఉండాలి. ఖాళీగా ఉన్న ఇటుక తొట్లలో కొన్నింటికి తూము లేదు, కొన్నింటికి ఉన్నా వాలు అటువైపు లేదు. ఒక ముసురు పట్టేసరికి అడుగున నీళ్ళు నిలిచి ఉన్నవన్నీ రాత్రికి రాత్రి గోడెక్కి వెళ్ళిపోయాయని ఒక రైతు చెప్పాడు. కొత్త సిమెంటుది అయితే వారం పది రోజులు నీళ్ళు నింపి, మధ్యలో రెండు మూడుసార్లు పారబోసి, ఘాటు పోయాకే మేత వేయాలి. పచ్చి పేడ వేస్తే లోపల కాగి వానపాములు ఉడికిపోతాయి. పేడ, చెత్త పక్కన కుప్పేసి, తడుపుతూ పదిహేను ఇరవై రోజులు మాగనిచ్చి, చెయ్యి పెడితే వేడి తగలనప్పుడే తొట్టిలో వేయాలి. పశువులకు నట్టల మందు తాగించిన తర్వాత రెండు మూడు వారాల పేడ తొట్టికి వాడవద్దు. ఆ మందుల్లో కొన్ని పేడలో దిగి వానపాముల్ని కూడా చంపుతాయి. నిమ్మ తొక్కలు, ఊరగాయ, నూనె, మాంసం వేయరాదు. ఉల్లి పొట్టు గంపలకొద్దీ వద్దు.

ఎర్ర చీమలు పెద్ద శత్రువులు. చక్కెర డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టే ఉపాయమే ఇక్కడా. గంప అయితే మూడు రాళ్ళ మీద పెట్టి, రాళ్ళను నీళ్ళ చిప్పల్లో ఉంచాలి. బండల పడక అయితే చుట్టూ చిన్న కాలువ తీసి నీళ్ళు నింపాలి. కోడికి పైన వల గాని, ముళ్ళకంప గాని.

ఇంకొక సంగతి. తొట్టి ఎక్కడ కట్టాలని అధికారులు వచ్చి అడిగేది మగవాళ్ళను. రోజూ పేడ ఎత్తేది, నీళ్ళు చల్లేది ఆడవాళ్ళు. అందుకే తొట్టి బండి తిరగడానికి వీలుగా ఊరి బయట పడుతున్నది. ఇల్లాలు బిందె పట్టుకుని అంత దూరం రోజూ పోదు, పోవాలని అనడం న్యాయమూ కాదు. వంటింటి వెనక, గిన్నెలు తోమే చోటుకు పది అడుగుల దూరంలో ఉంటే బియ్యం కడుగు నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు దానికే చల్లవచ్చు. సబ్బు నీళ్ళు మాత్రం అటు పోకూడదు. గోడ నడుము ఎత్తు ఉంటే వంగి అడుగు దాకా చెయ్యి పెట్టడం కష్టం. మోకాలెత్తు చాలు. వెడల్పు మూడడుగులు దాటితే మధ్యలోకి చెయ్యి అందదు.

పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలని షెడ్లు కట్టారు. ఊరి చెత్తకు అవి ఉండవలసిందే. కాని ఇంటి తొట్టికి ఆ నమూనానే చిన్నది చేసి ఇవ్వడం సరికాదు. ఇకమీదట ఏ పథకం వచ్చినా ఒకే కొలత తొట్టికి డబ్బు ఇవ్వడం మాని, రెండు వరలా, బండల పడకా, సంచా అన్నది ఇంటివాళ్ళనే ఎంచుకోనివ్వాలి. పట్టా లేదని కౌలుదారును పంపేయకూడదు. సొమ్ము కూడా గోడ లేచినప్పుడే మొత్తం ఇచ్చివేయకుండా, కొంత భాగం మొదటి ఎరువు తీసిన నాడు ఇస్తే గొర్రె పిల్లలకు వేరే దొడ్డి చూసుకుంటారు. యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రం వారు, నంద్యాల పరిశోధన స్థానం వారు ఈ రకాలన్నీ పక్కపక్కన పెట్టి సంతల్లో చూపిస్తే, చేత్తో తాకి చూసి జనమే తేల్చుకుంటారు. ఊళ్ళో రైతు సేవా కేంద్రం ముందు ఒక బండల పడక వేయడానికి పెద్ద నిధులు కూడా అక్కరలేదు.

కొత్తగా పెట్టదలచినవారు ఎండాకాలంలో మొదలుపెట్టవద్దు. దసరా తర్వాత పేడ మాగేసి, కార్తీకం మొదట్లో వానపాముల్ని వదిలితే సంక్రాంతికి మొదటి ఎరువు చేతికి వస్తుంది. చదరపు మీటరుకు వెయ్యి వానపాములు, అంటే దాదాపు కిలో, వేయాలని చెబుతారు. డబ్బు పెట్టి కొనేముందు పక్క ఊళ్ళో ఎవరింట్లోనైనా నడుస్తున్న తొట్టి ఉందేమో విచారించండి. ఎరువుతో సహా నాలుగు దోసిళ్ళు అడిగి తెచ్చుకుంటే ఒక వరకు అవే విత్తనం. నిండడానికి ఇంకో రెండు నెలలు ఎక్కువ పడుతుంది, అంతే.